ఆ ఆరు గంటల్లో ఫోన్ ఎవరు చేస్తారు?

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు విజయవాడలో ఎంతమంది వాలంటీర్లు నీళ్లలోకి దిగారో మనందరం ఫోన్లలో చూశాం. భోజనం ప్యాకెట్లు, మంచినీళ్లు, మందులు... ఆ సాయం కంటికి కనిపిస్తుంది. ఈరోజు నేను చెప్పేది కెమెరా వెళ్లకూడని చోట జరిగే సేవ గురించి. అదే నేత్రదానం.

మన ఊళ్లలో లయన్స్ క్లబ్ అనగానే కంటి శిబిరం గుర్తొస్తుంది కదా. దాని వెనక వందేళ్ల కథ ఉంది. 1925 జూన్ 30న అమెరికాలోని సీడార్ పాయింట్‌లో లయన్స్ మహాసభ జరుగుతుంటే, చూపూ వినికిడీ రెండూ లేని హెలెన్ కెల్లర్ గారు అక్కడికొచ్చి, చూపు లేనివాళ్ల కోసం పనిచేయమని అడిగారు. వాళ్లు సరేనన్నారు. ఆ మాట ఇప్పటికీ నడుస్తోంది.

ఇప్పుడు అసలు విషయం. నేత్రదానం అంటే ఒకరి కన్ను మొత్తం ఇంకొకరికి పెట్టడం కాదు. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది, దాన్ని కార్నియా అంటారు. కోతలప్పుడు వడ్లగింజ కంట్లో కొట్టుకుని పుండైనా చాలు, అది తెల్లబడి చూపు పోవచ్చు. అలాంటి చాలామందికి చనిపోయినవాళ్ల కార్నియానే దిక్కు. ఒక్కరు ఇస్తే ఇద్దరికి చూపు రావచ్చు.

కానీ టైమ్ ఆరు గంటలే. అవనిగడ్డ దగ్గర పల్లెలో అర్ధరాత్రి ఓ పెద్దాయన పోయారనుకోండి. విజయవాడ 60 కిలోమీటర్ల పైనే. ఇంటినిండా ఏడుపులు. ఆ టైమ్‌లో కొడుకుని పక్కకి పిలిచి, "బాబూ, నాన్నగారి కళ్లు ఇద్దామా?" అని అడగడానికి ఎంత ధైర్యం, ఎంత మర్యాద కావాలి! ఆ మాట అడిగేది చాలాసార్లు ఇలాంటి క్లబ్ వాలంటీర్లే. కాదంటే చేతులు జోడించి వెనక్కి రావాలి, అంతే.

మనం ఆన్‌లైన్‌లో ఫామ్ నింపి, సర్టిఫికెట్ స్టేటస్‌లో పెడతాం. మంచిదే. కానీ నేను సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి ఇలా చెప్తా: అది రిజిస్ట్రేషన్ మాత్రమే, ఫైనల్ ఓకే కొట్టేది ఇంట్లోవాళ్లు. ఫామ్ నింపకపోయినా వాళ్లు ఒప్పుకుంటే ఇవ్వొచ్చు. ఫామ్ ఉన్నా, ఎవరూ ఫోన్ చేయకపోతే ఆ కళ్లు వృథా.

ఫోన్ చేశాక టీమ్ వచ్చేలోపు ఫ్యాన్ ఆపండి. ఏసీ ఉంటే వేయండి. కనురెప్పలు మూసి తడి దూది పెట్టండి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచండి. టీమ్ ఇంటికే వస్తుంది, అరగంటలోపు పనైపోతుంది. ముఖం వికారంగా మారదు.

కళ్లజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా, షుగర్, బీపీ ఉన్నా ఇవ్వొచ్చు. రేబిస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటివి ఉంటే తీసుకోరు. అది డాక్టర్లు చూసుకుంటారు.

"కళ్లిస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారు" అనే మాట మీరూ వినుంటారు. తిన్నడు శివుడికి కళ్లిచ్చి కన్నప్ప అయిన కథ చెప్పుకునే నేల మనది. ఆ మాట అన్నవాళ్లతో గొడవపడకండి, కన్నప్పని గుర్తుచేయండి చాలు.

ఈ వీడియో అయ్యాక రెండు పనులు చేయండి. మీ ఊరి లయన్స్ క్లబ్‌లోనో, తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనో అడిగి, మీకు దగ్గరి ఐ బ్యాంక్ నంబర్ సేవ్ చేసుకోండి. రెండోది కొంచెం కష్టం. ఈ రాత్రి అన్నం తినేటప్పుడు మీ నిర్ణయం ఇంట్లో చెప్పండి. "అవేం మాటలురా!" అని అమ్మ కోప్పడుతుంది. పడనివ్వండి. అవసరం వచ్చిన రోజు ఆవిడకి గుర్తుండేది ఆ మాటే.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.