పైపు సైజు నుంచి అడ్డ చుట్ట దాకా: నిప్పుకీ నోటికీ మధ్య దూరం

ఈ ఎపిసోడ్ కళింగపట్నం నుంచి. వంశధార సముద్రంలో కలిసే చోటు కదా, గాలి గట్టిగా ఉంది. మైక్‌లో ఆ హోరు కొంచెం భరించండి. ఈ రోజు టాపిక్‌కీ ఆ గాలికీ సంబంధం ఉంది, కాసేపట్లో చెప్తాను.

ముందే ఒక మాట. ఇది పొగ తాగమని చెప్పే వీడియో కాదు. ఏ రూపంలో తీసుకున్నా పొగాకు హానికరమే. కానీ మన ఊళ్లలో ఒక అలవాటు ఎందుకు అంత ప్రమాదమో అర్థం కావాలంటే, ముందు పైపు గురించి తెలియాలి.

పైపు తాగేవాళ్లు ఒక్కో రకం పొగాకుకి ఒక్కో పైపు పెట్టుకుంటారు. పైకి చూస్తే డాబు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ లోపల సింపుల్ లాజిక్ ఉంది. పైపులో మూడు కొలతలు చూడాలి: గిన్నె వెడల్పు, గిన్నె లోతు, గొట్టం పొడవు. గిన్నె వెడల్పుగా ఉంటే ఒకేసారి ఎక్కువ ఆకు అంటుకుంటుంది. సన్నగా, లోతుగా ఉంటే కొంచెం కొంచెంగా కిందికి కాలుతుంది. గొట్టం పొడవైతే పొగ నోటికి వచ్చేలోపు చల్లబడుతుంది, తేమ, తారు కొంత దారిలోనే ఆగిపోతాయి.

ఇప్పుడు ఆకు సంగతి. మన ప్రకాశం జిల్లాలో, ఉమ్మడి పశ్చిమ గోదావరి ప్రాంతంలో పండే వర్జీనియా పొగాకుని బ్యారన్లలో వేడి పెట్టి దాదాపు వారంలో ఆరబెడతారు. ఆకు త్వరగా ఆరిపోతుంది కాబట్టి అందులో చక్కెర మిగిలిపోతుంది. రంగు పసుపు. ఈ ఆకు వేడిగా కాలుతుంది, నాలుక చురుక్కుమంటుంది. అందుకే దీనికి సన్న గిన్నె మంచిదని పైపు తాగేవాళ్లు అంటారు. బర్లీ పొగాకుని నీడలో, గాలికి వారాల తరబడి ఆరబెడతారు. ఆకు నెమ్మదిగా చనిపోతూ తనలోని చక్కెరని తనే వాడేసుకుంటుంది. దీనికి మధ్యస్థం గిన్నె చాలంటారు. సైప్రస్, సిరియా వైపు పొగ పట్టించి ఆరబెట్టే లటాకియా కలిపిన రకాలకి వెడల్పు గిన్నె వాడతారు.

ఇంకో తేడా ఉంది, ఇది ముఖ్యం. వర్జీనియా పొగకి ఆమ్ల గుణం. అందులో నికోటిన్ నోట్లో పెద్దగా ఇంకదు, ఊపిరితిత్తుల్లోకి పీల్చాలి. సిగరెట్ పని చేసేది అలాగే. గాలికి ఆరిన ఆకు, చుట్టకి వాడే ఆకు పొగకి క్షార గుణం. నికోటిన్ నోటి పొర నుంచే రక్తంలోకి పోతుంది. చుట్ట తాగే పెద్దవాళ్లు పొగ లోపలికి పీల్చకపోయినా వాళ్లకి మత్తు ఎక్కడానికి కారణం ఇదే.

మన దగ్గర పైపు సంస్కృతి పెద్దగా లేదు. మనది చుట్ట. విజయనగరంలో పుట్టిన కన్యాశుల్కంలో గిరీశం చేతిలో ఉండేది చుట్టే. గోదావరి లంకల్లో పండే పొగాకుతో చుట్టిన చుట్టకి ఎంత పేరంటే, 1890లో వచ్చిన ఒక షెర్లాక్ హోమ్స్ నవలలో 'లంకా' అనే మాట అలాగే కనిపిస్తుంది. బూడిద చూసి ఏ పొగాకో చెప్పేస్తానంటాడు హోమ్స్. ఆయన చెప్పే రకాల్లో మన లంక చుట్ట కూడా ఉంది!

చుట్ట అంటే ఏమిటి? పొగాకుతోనే చేసిన పైపు. గిన్నె అదే, గొట్టం అదే. కాలేకొద్దీ గొట్టం పొట్టిదవుతుంది, పొగ వేడెక్కుతుంది, ఘాటు పెరుగుతుంది. అంటే పైపులోనైనా చుట్టలోనైనా ఆట అంతా ఒక్కదాని మీదే: నిప్పుకీ నోటికీ మధ్య దూరం.

ఇప్పుడు ఆ దూరాన్ని సున్నా చేసేయండి. అదే అడ్డ చుట్ట. వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. మన శ్రీకాకుళం, విశాఖ తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఈ అలవాటు ఉంది. ఫిలిప్పీన్స్‌లో, కొలంబియాలో, ఇటలీలోని సార్డీనియా దీవిలో కూడా ఉండేది. ఎందుకు మొదలైందంటే, ఇదిగో ఈ గాలే కారణమని చెప్తారు. ఒడ్డున నిప్పు ఆరిపోదు. బూడిద చీర మీద, ఒళ్లో పిల్ల మీద పడదు. రెండు చేతులకీ పని చేసుకోవచ్చు. నోటి తడికి చుట్ట ఎక్కువ సేపు వస్తుంది. పైగా అమ్మ చేస్తే కూతురు నేర్చుకుంది. ఒక్కో కారణం వింటే సబబుగానే ఉంటుంది.

కానీ ఆ వేడి ఎక్కడికి పోతుంది? నేరుగా అంగిలికి. అడ్డపొగ తాగేవాళ్ల నోటి లోపల వేడి 120 డిగ్రీల దాకా, అంగిలి పొర 58 డిగ్రీల దాకా వెళ్లొచ్చని కొలిచినవాళ్లు రాశారు. మిగతా దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గలో, నాలుక మీద వస్తుంది. మన వైపు అంగిలి మీద వస్తుంది. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చిన అధ్యయనానికి ఆంధ్రాలో 10,169 మంది పల్లె జనం నోళ్లు పరీక్షించారు. అందులో చూసింది ఈ అంగిలి మార్పులనే.

మా మామ్మది కూడా అడ్డ చుట్టే. పోయినసారి వచ్చినప్పుడు టార్చ్ పట్టుకుని, "మామ్మా, ఒక్కసారి నోరు తెరువు" అన్నాను. "పళ్లే లేవు, ఏటి సూస్తావురా బాబూ?" అంది. అంగిలి తెల్లగా పాలిపోయి, మధ్యలో చిన్న చిన్న ఎర్ర చుక్కలు. పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ముక్క తీసి పరీక్ష చేయించారు. క్యాన్సర్ కాదు. కానీ ఆరు నెలలకోసారి చూపించాలి, చుట్ట మానాలి అన్నారు. మామ్మ రోజుకి ఒక్కటికి దిగింది. ఆ ఒక్కటి దగ్గర మాకు ఇంకా యుద్ధమే.

"తిన్నగా తిప్పి తాగితే సరిపోతుంది కదా" అని బంధువులు చాలామంది సలహా ఇచ్చారు. సరిపోదు. గొట్టం పొడవు పెంచితే వేడి తగ్గుతుంది, విషం తగ్గదు. పొగ లోపలికి పీల్చని పైపువాళ్లకీ నోటి క్యాన్సర్ వస్తుంది. పైపు ఇంజనీరింగ్ అంతా రుచి కోసం, నాలుక కాలకుండా ఉండటం కోసం. ప్రాణం కాపాడటానికి కాదు.

కాబట్టి మీ ఇంట్లో అడ్డ చుట్ట తాగే మామ్మ, అత్త, పెద్దమ్మ ఎవరైనా ఉంటే ఈ వారమే టార్చ్ వేసి అంగిలి చూడండి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, గడ్డ, రెండు వారాలైనా మానని పుండు, వీటిలో ఏది కనిపించినా డాక్టర్‌కి చూపించండి. నొప్పి లేదు కదా అని వదిలేయకండి, మొదట్లో నొప్పి ఉండదు. తిట్టకండి కూడా. నలభై ఏళ్ల అలవాటు తిడితే పోదు, దాచుకుని తాగుతారు. మానాలనుకునేవాళ్లకి జాతీయ క్విట్‌లైన్ ఉంది, 1800 112 356, కాల్ ఉచితం. మానితే అంగిలి మార్పులు తగ్గే అవకాశం ఉంది, ఎనభై ఏళ్ల వయసులోనైనా మానడం వృథా కాదు.

ఈ వీడియో మీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. పెద్దవాళ్లకి ఫోన్ లేకపోతే పక్కన కూర్చుని చూపించండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.