సూది చికిత్సకు పోవుటకు ముందు

మన యిండ్లలో అల్లరిచేయు పిల్లవానిని "సూది వేయించెదను" అని బెదరించుట పరిపాటి. ఆ భయము పెద్దలనుగూడ పూర్తిగా విడువదు. అట్టి సూదినే ఔషధముగా నెంచి, మోకాలినొప్పికో నడుమునొప్పికో ఆక్యుపంక్చరు చికిత్సకు పోవువారు నేడు మన పట్టణములలో కలరు. తొలిసారి పోవువారు తెలిసికొనదగిన విషయములను కొన్నింటిని శ్రోతలతో ముచ్చటింపదలచినాము.

ఇది చీనాదేశపు విద్య. సుమారు రెండువేల యేండ్లనాటి 'హువాంగ్‌డీ నైజింగ్' అను వైద్యగ్రంథమున దీని ప్రస్తావన కలదు. చీనీయులు దీనిని 'జెన్‌జియు' అందురు. సూది గుచ్చుట, కాక పెట్టుట అని భావము. ఆ కాకకు వాడు ఆకు, వినాయకచవితినాటి మన పత్రిలోని మాచిపత్రి జాతిదే. దేహమున 'చీ' అను ప్రాణశక్తి కొన్ని మార్గముల వెంట ప్రవహించుననియు, ఆ ప్రవాహము చెడినపుడు రోగము కలుగుననియు వారి సిద్ధాంతము. ఆ మార్గములపై 361 బిందువులను లెక్కించినారు. బిందువుల నడిమి దూరమును రోగి బొటనవ్రేలి వెడల్పుతోనే కొలుతురు. మన ఆయుర్వేదమునందలి స్వాంగుళ ప్రమాణమును ఇది తలపించును. నేటి శరీరశాస్త్రము ఆ మార్గములను కనుగొనలేదు. సూదివలన నాడులు ప్రేరితములై, నొప్పిని తగ్గించు పదార్థములు మెదడున వెలువడునని శాస్త్రజ్ఞులు వివరించుచున్నారు.

మనదేశమునకు ఈ విద్య వచ్చిన తీరు స్మరింపదగినది. 1938లో, చీనా జపానుల యుద్ధకాలమున, క్షతగాత్రుల సేవకై భారతదేశమునుండి ఐదుగురు వైద్యులు చీనాకు వెళ్లిరి. వారిలో ద్వారకానాథ కోట్నిసు 1942లో అచ్చటనే కన్నుమూసెను. సహచరుడగు బిజయకుమార బసు 1950 దశాబ్ది చివర మరల చీనాకు పోయి ఈ చికిత్స నభ్యసించి, కలకత్తాలో ప్రచారము చేసెను. 1996లో పశ్చిమ బెంగాలు రాష్ట్రము దీనికొక చట్టమునే చేసినది.

ఇక తొలిసారి పోవువానికి ఏమి జరుగును? వైద్యుడు నిద్రను, ఆకలిని, జీర్ణమును గూర్చి ప్రశ్నించును. నాడి పట్టి, నాలుక చూచును. పిమ్మట పరుండబెట్టి సూదులు గుచ్చును. మందు ఎక్కించు సూదివలె ఇది బోలుగా నుండదు. తల వెండ్రుకకంటె కొంచెము లావైన సన్నని ఉక్కు తీగ. గుచ్చినపుడు చీమ కుట్టినంత బాధ. తరువాత ఆ చోట బరువుగనో, తిమ్మిరిగనో తోచును. అది సహజమే. తీవ్రమైన పోటు కలిగినచో మాత్రము ఓర్చుకొనక వెంటనే చెప్పవలెను. సూదులను ఇరువది ముప్పది నిమిషముల వరకు ఉంచుట వాడుక.

పరగడుపున పోరాదు; కడుపు నిండుగను పోరాదు. వదులైన బట్టలు ధరింపవలెను. కొందరికి చికిత్సానంతరము మగతగా నుండును, కొందరికి కండ్లు తిరుగును. కావున మొదటిసారి ఎవరినైన తోడు కొనిపోవుట మేలు. ఒకటి రెండు రక్తపుచుక్కలు, కమిలిన మచ్చలు కనుపడినను భయపడ నక్కరలేదు. అరుదుగా, రొమ్మున లోతుగా దిగిన సూది ఊపిరితిత్తి పొరను తాకవచ్చును. చికిత్స తరువాత రొమ్మున నొప్పియో, ఆయాసమో తోచినచో తత్క్షణమే ఆసుపత్రికి పోవలెను.

సూదిని గూర్చి మొగమోటము పనికిరాదు. సీలువేసిన పొట్లమును మన కన్నులయెదుట విప్పవలెను. వాడిన సూదిని పారవేయవలెను. ఒకరికి వాడినదానిని శుద్ధిచేయక మరొకరికి వాడినచో కామెర్ల జబ్బువంటి వ్యాధులు సంక్రమించును. గర్భవతులు, రక్తము పలుచబడుటకు మందు వాడువారు, రక్తము గడ్డకట్టని వ్యాధి గలవారు, గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు ఆ సంగతి ముందే చెప్పవలెను. పేస్‌మేకరు గలవారికి విద్యుత్తు కలిపిన సూదులు అపాయకరము కావచ్చును.

ఫలితమెంత? జర్మనీలో, బహుకాలపు నడుమునొప్పి గల 1,162 మందిని పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. ఆరు నెలల పిదప, చీనా పద్ధతిలో సూదులు వేయించుకొన్నవారిలో 47.6 శాతమునకు, బిందువులు కాని తావుల పైపైన గుచ్చించుకొన్నవారిలో 44.2 శాతమునకు, మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతమునకు గుణము కనబడెను. అనగా ఉపశమనము కలుగుట సత్యము; ఫలానా బిందువుననే మహిమ యున్నదనుట మాత్రము తేలలేదు. కావున నొప్పికి దీనిని ఆశ్రయింపవచ్చును గాని, సర్వరోగములు దీనితో కుదురునన్న మాటను నమ్మరాదు.

ఈ చివరిమాట మేము పుస్తకములవలన మాత్రమే నేర్చినది కాదు. మా వదినగారికి మోకాళ్లనొప్పి; మధుమేహము కూడ కలదు. సూదులు వేయువారొకరు, "ఇక మాత్రలతో పనిలేదు" అనిరి. ఆమె నమ్మెను. నొప్పి తగ్గుచున్నది కదా యని మేమును ఊరకుంటిమి. మూడు వారములు గడచునప్పటికి దాహము హెచ్చెను, మనిషి చిక్కెను. ఒకనాటి తెల్లవారుజామున స్పృహ తప్పినది. ఎనిమిది దినములు ఆసుపత్రిలో నుంచి, ఎట్లో ప్రాణము దక్కించుకొంటిమి. ఇంటికి వచ్చిన పిదప ఆమె మెట్లు మునుపటికంటె సులువుగా ఎక్కుట చూచి మాకు నోట మాట రాలేదు. మోకాలికి సూది మేలే చేసినది. కీడు చేసినది మాత్ర మానుట. "ఈ మాట మా వైద్యుని అడిగి వచ్చెదము" అని ఆనాడు ఒక్కరమైనను అనలేదు.

కావున శ్రోతలకు మా మనవి: ముందు నొప్పికి కారణమేమో వైద్యునిచే పరీక్ష చేయించి తెలిసికొనుడు. వాడుచున్న మందుల పేర్లు ఒక కాగితముపై వ్రాసి కొనిపొండు. ఆ మందులిచ్చిన వైద్యుడు చెప్పక ఒక్క మాత్రయు మానకుడు. ఎన్ని పర్యాయములు రావలెను, ఎంత ఖర్చగును, ఎన్నాళ్లలో గుణము కనుపింపనిచో మానవలెను అని మొదటనే అడుగుడు. ఈ ప్రశ్నలకు మంచి వైద్యుడు నొచ్చుకొనడు. నొచ్చుకొనువానిచేతికి సూది అందింపకముందే లేచి వచ్చుట క్షేమము.