ఒంటి తలనొప్పి



ఈ పూట తలనొప్పి గురించి మాట్లాడుకుందాం. జలుబుకు వచ్చే తలనొప్పి కాదు. ఎక్కువగా తలకు ఒక పక్కనే వచ్చే నొప్పి. సుత్తితో కొట్టినట్టు పోట్లు పొడుస్తుంది. కడుపులో తిప్పుతుంది. వాంతి అవుతుంది. వెలుతురు చూడలేం. పిల్లలు అరిస్తే ఓర్చుకోలేం. కొందరికి నొప్పికి ముందే కళ్ల ముందు మెరుపులు మెరుస్తాయి. వచ్చిందంటే కొన్ని గంటలు ఉండొచ్చు, మూడు రోజులైనా ఉండొచ్చు. దీన్ని పార్శ్వపు నొప్పి అంటారు. డాక్టర్లు మైగ్రేన్ అంటారు.

మగవాళ్లలో ఒకరికి ఉంటే ఆడవాళ్లలో ముగ్గురికి ఉంటుంది. అయినా మంచం ఎక్కిన ఆడదాన్ని చూసి ఏమంటారు? "పని తప్పించుకునే వేషాలు" అంటారు. ఇంకొకరు దిష్టి అంటారు. గాలి సోకింది అంటారు. వేషం కాదు, గాలీ కాదు. ఇది జబ్బు. తల్లికి ఉంటే బిడ్డకూ రావొచ్చు.

దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. తరచూ రాకుండా మాత్రం చూసుకోవచ్చు. అందుకు నొప్పిని లేపేది ఏదో తెలియాలి. ఎండ, ఆకలి, నిద్ర చాలకపోవడం, ఘాటు వాసన, పొయ్యి పొగ, మనసులో దిగులు, ముట్టు రాబోయే రోజులు, రోజూ తాగే టీ ఒక్కసారిగా మానేయడం. అందరికీ అన్నీ కాదు. మీకు పడనిది పక్కింటామెను ఏమీ చేయకపోవచ్చు. మరి మనది ఏదో ఎట్లా తెలుస్తుంది? రాసుకుంటే తెలుస్తుంది.

మన నెల్లూరు జిల్లాలో అక్షరం నేర్చిన ఆడవాళ్లు 1992లో సారా అంగళ్లు మూయించారు. ఆ అక్షరంతో ఈ తలనొప్పి గుట్టు పట్టలేమా?

ఇస్కపల్లి వైపు ఉప్పు కొఠార్లలో పనిచేసే ఒక అక్క ఉంది. తెల్లటి ఉప్పు మీద ఎండ పడితే కళ్లు తెరవలేం కదా. "ఈ ఉప్పు ఎండే నన్ను చంపుతోంది" అనేది. గోడ మీది క్యాలెండర్‌లో గుర్తులు పెట్టమన్నాను. నొప్పి వస్తే 'నొ'. తిండి తప్పితే 'తి'. నిద్ర లేకపోతే 'ని'. ముట్టయితే 'ము'. అంతే, ఒక్కో అక్షరం.

రెండు నెలలకు చూస్తే 'నొ' ఆరు చోట్ల ఉంది. అందులో నాలుగు శనివారాలే! ఆ రోజు ఆమెకు ఒక్కపొద్దు. మిగిలిన రెండూ ముట్టుకు ముందు రోజులు. వారంలో ఆరు రోజులు అదే ఎండలో పనిచేసింది. ఎండ ఒక్కటే అయితే తట్టుకుంది. ఎండా, ఖాళీ కడుపూ కలిసిన రోజున పడిపోయింది.

ఆమె మొక్కు మానలేదు. ఎవరూ మానమనలేదు కూడా. శనివారం పనికి పోయే ముందు పాలు తాగుతుంది, అరటిపండు తింటుంది. తడి గుడ్డ తలకు చుట్టుకుంటుంది. వెంట నీళ్లు తీసుకుపోతుంది. శనివారం నొప్పి బాగా తగ్గింది. ముట్టుకు ముందు వచ్చేది ఇంకా వస్తూనే ఉంది.

నొప్పి మొదలవగానే చీకటి గదిలో పడుకోండి. మాత్ర వేసుకునేవాళ్లు ముదరకముందే వేసుకోవాలి. గర్భిణులు డాక్టరును అడగకుండా ఏ మాత్రా వేసుకోకూడదు. అమృతాంజనం 1893లో పుట్టింది, మన అమ్మమ్మల తలలకూ తెలుసు. పూసుకుంటే హాయిగా ఉంటుంది. ఘాటు పడనివాళ్లు దాని జోలికి పోవద్దు.

అంగట్లో మాత్రలు కొని రోజూ మింగకండి. నెలకు పది రోజులు మించితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. నెలకు నాలుగైదు సార్లు వస్తుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. నొప్పి రాకుండా వాడే మందులు వేరే ఉన్నాయి. క్యాలెండర్ కూడా పట్టుకుపోండి, డాక్టరుకు చూపించండి.

ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, మూతి వంకరపోయినా, కాలూ చెయ్యీ పడిపోయినా, ఫిట్స్ వచ్చినా అది ఒంటి తలనొప్పి అనుకోకండి. గర్భిణికి తలనొప్పితో చూపు మసకబారినా అంతే. తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.