జట్టు మారిన ఆటగాడు



నేను కంభము వాడను. మా ప్రాంతమున పందెమన్నచో బండలాగు పందెమే. ఫుట్‌బాలు బడిపిల్లల యాట. అట్టి యూరివాడు హైదరాబాదు ఫుట్‌బాలు జట్టును గూర్చి మాటాడుట యేమని మీలో కొందరు నవ్వవచ్చును. 2019వ సంవత్సరమున ఆ జట్టు పుట్టినది మొదలు దాని యాటను టెలివిజనులో విడువక చూచినవాడను. ఆ యధికారముతోనే మాటాడుచున్నాను. ఆటగాడు ఒక జట్టును విడిచి మరియొక జట్టున చేరినచో అభిమానులు అతనిని ద్రోహి యని నిందింతురు. ఈ నింద న్యాయమా యన్నదే నేటి విషయము.

ముందు పద్ధతిని చెప్పెదను. ఆటగాడు జట్టుతో ఇన్ని యేండ్లని ఒడంబడిక వ్రాసికొనును. గడువు తీరిన పిమ్మట ఎక్కడికి పోయినను అతని యిష్టము. గడువు తీరకముందే వేరొక జట్టు కోరినచో, ఆ జట్టు మొదటి జట్టునకు సొమ్ము చెల్లించి అతనిని తీసికొనిపోవును. పందెపు గిత్తల జతను పొరుగూరి రైతు కొనినచో, మరుసటి తిరునాళ్ళలో అవి ఆ రైతు పేరనే బండ లాగును గదా! అందుకు గిత్తలను ఎవ్వరును తిట్టరు. అయితే గిత్తకు నోరు లేదు. మేత వేసినవాని కాడి మోయును. ఆటగాడు మనుష్యుడు, ఆలుబిడ్డలు గలవాడు. ఇరువదియేండ్లకు మొదలై ముప్పదియైదేండ్లకు దాదాపు ముగియు వృత్తి అతనిది. మోకాలు చెడినచో ఆనాటితోనే సరి. ఆ కొలది కాలములో ఎక్కువ యిచ్చు చోటికి పోవలదని అతని యెదుట నిలిచి చెప్పగలవారు మనలో ఎందరు?

హైదరాబాదునకు ఈ వలస క్రొత్తది కాదు. సయ్యదు అబ్దుల్ రహీము గారు తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు, బొంబాయిలోని రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు మారులు గెలిచినది. అయినను కలకత్తా పిలుపు బలమైనది. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాము 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆడి, మరుసటి యేడు ఈస్టు బెంగాలు జట్టున చేరెను. జట్టు మారినను గురుశిష్యుల బంధము తెగలేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన మన దేశపు జట్టునకు రహీము గారే శిక్షకులు. అందు బలరాము ఆటగాడు. తుదకు వంగదేశమే అతని యిల్లయి, 2023 ఫిబ్రవరిలో అక్కడనే కన్నుమూసెను. మహమ్మద్ హబీబ్ 1966లో అదే దారి పట్టెను. 1977లో పెలే యంతటివాడు కాస్మాస్ జట్టుతో కలకత్తాకు వచ్చి ఆడినప్పుడు, మోహన్ బగాను పక్షమున గోలు చేసినవారిలో హబీబ్ ఒకడు. నేటికిని హైదరాబాదువారు వీరిని మావారనియే చెప్పుకొందురు.

ఇక మన కాలపు జట్టు సంగతి. మొదటి యేడు పదునెనిమిది ఆటలలో రెండే గెలిచి అట్టడుగున నిలిచినది. పిమ్మట మనోలో మార్కెజ్ అను స్పెయిన్ దేశపు శిక్షకుడు వచ్చి దానిని నిలబెట్టెను. 2022 మార్చి 20వ తేదీన గోవాలో కేరళ జట్టుతో తుదిపోరు జరిగినది. చెరియొక గోలుతో సమానులుగా నిలువగా, ఒక్కొక్కరుగా గోలీ యెదుట బంతినుంచి కొట్టవలసివచ్చెను. మన గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి నిలువరింపగా 3-1తో విజయము మనదైనది. నేనప్పుడు కుర్చీలో కూర్చుండలేకపోతిని.

ఆ గెలిచినవారు ఎక్కడివారు? కట్టిమణి గోవా వాడు. తుది బంతిని గోలులోనికి కొట్టిన హాలీచరణ్ నర్జారీ అస్సాము వాడు. ఆ యేడు పదునెనిమిది గోలులు చేసిన ఒగ్బెచే నైజీరియా దేశస్థుడు. అంతకు పూర్వము అదే కేరళ జట్టున ఆడినవాడు! అతడు మన జట్టునకు వచ్చినప్పుడు హారతి పట్టితిమి. మన ఆశీష్ రాయ్ 2022లో కలకత్తాకును, ఆకాశ్ మిశ్రా 2023లో బొంబాయికిని పోయినప్పుడు మాత్రము శాపనార్థములా? రాయ్ పోయిన కుడిప్రక్కను మరుసటి యేడు నిఖిల్ పూజారి నిలిచి కాచెను. చోటు ఖాళీయైనచో క్రొత్తవాడు ఎదుగును. ఇదియును ఆటలోని మేలే.

నా కోపము వేరొకచోట నున్నది. జట్టు పూర్వపు ఆటగాండ్రకు బాకీపడిన జీతములు తీర్చలేదని ఫిఫా యను ప్రపంచ సంఘము క్రొత్తవారిని చేర్చుకొనరాదని నిషేధించెను. 2024 జనవరి నాటికి విదేశీయులు దాదాపు అందరును, దేశీయులలో పేరుగలవారు పెక్కురును వెళ్ళిపోయిరి. మిగిలినది కుఱ్ఱవాండ్ర గుంపు. 2023-24లో ఇరువదిరెండు ఆటలకు గెలుపొక్కటే. పాలేరునకు గింజలు కొలువక, వాడు పొరుగు కమతమునకు పోయెనని పంచాయతీలో ఫిర్యాదు చేయు ఆసామిని మీరెరుగుదురు. అట్టి ఆసామిని వదలి పాలేరును తిట్టుట తగునా? ఆ కష్టకాలమున బ్రెజిల్ దేశస్థుడు జోవావ్ విక్టర్ ఒక్కడే విదేశీయులలో నిలిచి, పిల్లల నడుమ పెద్దన్నవలె ఆడెను. అతనిని ఎంత పొగడినను నాకు తనివి తీరదు. అయినను, అతడు నిలుచుట గొప్పతనము. తక్కినవారు పోవుట నేరము కాదు.

మా కంభము చెరువును మీలో కొందరు చూచియుందురు. విజయనగర ప్రభువుల కాలమున కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా కట్టినది. తూము ఎత్తినచో నీరు పోవును, చేలు తడియును. వానలకు మరల నిండును. కట్ట నిలిచియున్నంతవరకు భయము లేదు. ఆటగాండ్ర రాకపోకలను నేనట్లే యెంచితిని. 2025 అక్టోబరులో కట్టయే తరలిపోయినది. జట్టు ఢిల్లీకి పోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యను పేరు ధరించినది. ఆటగాడు పోయినచో మరియొకడు వచ్చును. జట్టే పోయినచో గచ్చిబౌలి మైదానమున కేకలు వేసిన పిల్లవాడు ఎవరికై కేకలు వేయవలెను? న్యాయముగా మరియొక మాటయు చెప్పవలెను. 2019లో ఈ జట్టు పుట్టినది పుణె జట్టు తొలగిన చోటనే. ఆనాడు పుణెవారి దుఃఖమును మనలో ఎవ్వరు విచారించిరి?

ఇకమీదట మన జట్టేదని నా మనుమడు అడిగినాడు. రాయ్, మిశ్రా ఏ జట్టున నున్నను వారి యాట చూచెదమురా యంటిని. ఢిల్లీ జట్టు ఆటను మాత్రము నేనింకను పెట్టలేదు.