కుచ్చుల పంట్లామును సరిచేయు విధము
(వేల్పూర్‌లో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లను గూర్చి, చెరువులను గూర్చి మాటలాడవలసిన సభలో పంట్లామును గూర్చి మాటలాడుచున్నామని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుడు, కాని కొంచెము వినుడు.

ఒక జూన్ మాసమున మేము ఈ ప్రాంతపు పాఠశాల నొకదానిని చూడబోయితిమి. ఎనిమిదవ తరగతి బాలుని ఉపాధ్యాయుడు నల్లబల్ల యొద్దకు పిలిచెను. బాలుడు లేవలేదు. లెక్క రాక కాదు. యూనిఫారము ఇంకను చేతికి రానందున, మస్కటులో పనిచేయు తండ్రి పెట్టెలో పంపిన కుచ్చుల పంట్లామును తొడుగుకొని వచ్చినాడు. "లేస్తె ఊడిపోతది సార్" అని మెల్లగా చెప్పెను. అంతకుముందు మూడు దినములు అతడు బడికే రాలేదని పిదప తెలిసినది.

ఈ మాట వేల్పూర్‌లో చెప్పుటకు కారణమున్నది. 2001 అక్టోబరు 2వ తేదీన మీ మండలము బాలకార్మికులు లేని మండలముగా ప్రకటింపబడినది. అయిదు మొదలు పదునైదేండ్ల వరకు గల పిల్లలందరును బడిలో ఉండవలెనని నాటి గ్రామ పెద్దలు ఇల్లిల్లు తిరిగినారు. అంత కష్టపడి బడికి చేర్చిన ఊరిలో నడుము నిలువని పంట్లామువలన ఒక పిల్లవాడు ఇంట కూర్చున్నచో, అది మనకు చిన్న విషయము కారాదు.

ఇక పనిలోనికి వత్తము. గల్ఫునుండి వచ్చు పంట్లాములలో ముందువైపు కుచ్చులుండునవి పెక్కు. దర్జీలు వీనిని ప్లీట్లందురు. కుచ్చు అందమునకు మాత్రమే పెట్టినది కాదు. కూర్చున్నప్పుడు తొడలవద్ద విచ్చుకొని చోటిచ్చుట దాని పని. నిలుచున్నప్పుడే అది నోరు తెరచుకొన్నచో తప్పు కుచ్చుది కాదు, పిరుదులవద్ద బిగువుది. అట్టి పంట్లామునకు ప్రక్క కుట్లను, వెనుక నడిమి కుట్టును విప్పి, లోపల మిగిలియున్న గుడ్డను వదలవలెను. చాలామంది కుచ్చులనే తీసివేయించుకొని డబ్బు పాడుచేసికొనుచున్నారు. కుచ్చు విప్పిన గుడ్డ ఎక్కడికి పోవును? దానిని ప్రక్కకు లాగినచో జేబు చెడును.

పెద్దవారి పంట్లామును బాలునికి తగ్గించుట వేరు పని. నడుము రెండంగుళముల లోపు వదులైనచో వెనుక నడిమి కుట్టులోనే పట్టవచ్చును. అంతకు మించి అక్కడే పట్టినచో వెనుక జేబులు రెండును దగ్గరకు జరిగి చూచువారికి నవ్వు పుట్టించును. అట్టియెడ మిగిలినదానిని కుచ్చులకు అప్పగింపుడు. నడుము పట్టీని విప్పి, ఒక్కొక్క కుచ్చులోనికి అర అంగుళము గుడ్డను అదనముగా మడచినచో, నాలుగు కుచ్చుల పంట్లాములో రెండంగుళములు తగ్గును. పట్టీలో మిగిలిన భాగమును కత్తిరింపక వెనుక అతుకువద్ద లోనికి మడచి కుట్టుడు. కత్తెర తగులలేదు గనుక పిల్లవాడు ఎదిగిన కొలది మరల విప్పుకొనవచ్చును. ఎదుగు పిల్లలకు కుచ్చు పంట్లామే మేలని మా అభిప్రాయము. కుర్రవారు ఒప్పుకొనరు, వారికి బిగువు కావలెను!

కాళ్ల వెడల్పును తగ్గించునప్పుడు లోపలి కుట్టునుండి, వెలుపలి కుట్టునుండి సమముగా తీయవలెను. ఒక ప్రక్కనే తీసినచో ఇస్త్రీ గీత మెలిదిరిగి కుచ్చుతో కలియదు. పొడవును కోయరాదు. లోనికి మడచి చేతికుట్టు వేయుడు. నూలు గుడ్డయైనచో ముందుగా తడిపి ఆరవేయుడు, తరువాత ముడుచుకొనును. ప్రతి మార్పునకు ముందు టాకాలు వేసి, పిల్లవానిని నిలువబెట్టి, కూర్చుండబెట్టి, వంచి చూడుడు. ఆసనము మోకాళ్లవైపు వ్రేలాడుచున్న పంట్లామును మాత్రము సరిచేయబూనకుడు. దానిని విడదీసి గుడ్డగా వాడుకొనుటయే లాభము.

2024లో ప్రభుత్వ పాఠశాలల యూనిఫారములు కుట్టు పని రాష్ట్రమున మహిళా స్వయంసహాయక సంఘములకు అప్పగింపబడినది. కుట్టుకూలి జతకు 50 రూపాయలనుండి 75 రూపాయలకు పెంచబడినది. కనుక మిషను త్రొక్కగల సోదరీమణులు నేడు గ్రామములలో ఉన్నారు. మీరు చేయవలసినది రెండు పనులు. కుట్టుటకు ముందు ప్రతి పిల్లవానిని బడిలోనే టేపుతో కొలిపింపుడు. తరగతిని చూచి అందాజుగా వ్రాసిన కొలతతో కుట్టింపకుడు. బట్టలు వచ్చిన వారములో ఒక దినమును సరిచేయుటకు కేటాయించి, ఆ పనికి కూలిని ముందే నిర్ణయింపుడు. విప్పి కుట్టుట కొత్తగా కుట్టుటకంటె కన్నులకు శ్రమ. దానిని ఉచితసేవగా అడుగుట న్యాయము కాదు.

సభానంతరము బడి వసారాలో ఒక పాత పంట్లామును విప్పి చూపుదుము. మిషను, టేపు, టాకాల దారము సిద్ధముగా నున్నవి. మీ ఇండ్లలో పెట్టె అడుగున పడియున్నవానిని కూడ తెప్పింపుడు.