మౌసా, ట్రాక్‌ప్యాడా? ఏ పనికి ఏది?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించీ ఉద్యోగాల గురించీ పెద్దలు ఇంతవరకు చాలా మంచి విషయాలు సెలవిచ్చారు. మేము మాట్లాడబోయేది మాత్రం బహు చిన్న వస్తువుల గురించి. ఒకటి అరచేతిలో ఇమిడే మౌసు. రెండవది లాప్‌టాప్ కీబోర్డు కింద నున్నని పలకలాగా ఉండే ట్రాక్‌ప్యాడ్. ఇదీ ఒక ఉపన్యాస విషయమేనా అని మీలో కొందరికి నవ్వు రావచ్చు. కాని పిల్లలకు లాప్‌టాప్ కొనే ప్రతి ఇంట్లోనూ "దానికే ఉంది కదా, మళ్ళీ మౌసు దండగ ఎందుకు?" అనే మాట వినిపిస్తున్నది. ఆ మాటలో నిజమెంతో కాస్త ఆలోచిద్దాం.

ముందుగా రెండింటి పుట్టుక సంగతి. మౌసు ఆలోచన అమెరికాకు చెందిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరుది. 1964లో ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ మొదటి నమూనా తయారుచేశాడు. అది ఒక చెక్క డబ్బా, కింద రెండు చక్రాలు, అంతే! 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దానిని నలుగురికీ చూపించారు. 1984లో మెకింటోష్ కంప్యూటరుతో అది సామాన్యుల బల్లల మీదికి వచ్చింది. వేలితో నడిచే నేటి ట్రాక్‌ప్యాడ్‌ను 1988లో జార్జ్ గెర్‌ఫైడ్ రూపొందించాడు. 1994లో యాపిల్ వారి పవర్‌బుక్ లాప్‌టాప్‌లలో అది చోటుచేసుకుంది. దీని అవసరం ఎందుకు కలిగిందంటే, రైల్లోనో బస్సులోనో ఒళ్ళో పెట్టుకుని పని చేసుకునే మనిషికి మౌసు తిప్పడానికి బల్ల ఎక్కడుంటుంది? అంటే మౌసు బల్ల కోసం పుట్టింది, ట్రాక్‌ప్యాడ్ ప్రయాణం కోసం పుట్టింది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం తగవు తీరినట్టే.

అవి పనిచేసే తీరు కూడా వేరు. నేటి మౌసు కడుపులో చిన్న దీపం, చిన్న కెమెరా వంటి కన్ను ఉంటాయి. అది కింది తలాన్ని సెకనుకు వేయికి పైగా ఫోటోలు తీసి, ఎంత జరిగిందో లెక్క కట్టుకుంటుంది. అందుకే మామూలు మౌసు అద్దపు బల్ల మీద తికమక పడుతుంది. కింద ఒక కాగితమో అట్టో వేస్తే సరి. ట్రాక్‌ప్యాడ్ పలక కింద సన్నని విద్యుత్ తీగల వల ఉంటుంది. మన వేలు తగిలినచోట విద్యుత్తులో కలిగే మార్పును అది పసిగడుతుంది. చెమట చేత్తోనో తడి చేత్తోనో ముట్టుకుంటే బాణం గుర్తు ఎటో పరుగెత్తేది ఇందుకే. మన ఎండాకాలం సంగతి వేరే చెప్పాలా!

ఇక పని విషయానికి వద్దాం. దర్జీ దగ్గర బట్ట కత్తిరించే పెద్ద కత్తెర ఉంటుంది, దారం తుంచే చిన్న కత్తెరా ఉంటుంది. ఏది గొప్పదని అతడు వాదించడు, పనిని బట్టి చేతికి తీసుకుంటాడు. ఇదీ అంతే. పేజీలు పైకీ కిందికీ జరుపుకుంటూ చదవడానికి, ఉత్తరాలు టైపు చేయడానికి ట్రాక్‌ప్యాడ్ హాయి. చెయ్యి కీబోర్డు వదలనక్కరలేదు. పెళ్ళిపత్రికల డి.టి.పి., బొమ్మలు గీయడం, ఇంటి ప్లానులు, పెద్ద లెక్కల పట్టికలు, ఇలా గురి చూసి పట్టుకుని లాగవలసిన పనులకు మౌసే మేలు. ఇంటి దగ్గర కూర్చుని డి.టి.పి. పనిచేసే మన ఆడపిల్లలకు గంటల కొద్దీ శ్రమ కలిసి వస్తుంది.

ఆరోగ్యం సంగతి మరువరాదు. మౌసును దూరంగా పెట్టి చెయ్యి చాచి పనిచేస్తే భుజం లాగుతుంది. మణికట్టు వంచి ఉంచితే నొప్పి పుడుతుంది. ట్రాక్‌ప్యాడ్ మీద వంగి కూర్చుంటే మెడ పట్టేస్తుంది, బొటనవేలు అలసిపోతుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తరచు తిమ్మిరెక్కుతుంటే "అదే పోతుందిలే" అనుకోక డాక్టరుకు చూపించండి. ఎడమచేతి వాటం పిల్లలను కుడిచేత్తోనే పట్టుకోమని కసరవద్దు. మౌసు మీటలను అటు ఇటు మార్చుకునే వీలు కంప్యూటరులోనే ఉంది.

చివరగా అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఇంజనీరింగ్ సీట్ల కోసం రాసే జె.ఇ.ఇ. మెయిన్ 2019 నుంచి పూర్తిగా కంప్యూటరు మీదనే జరుగుతున్నది. అంకెల జవాబును సైతం తెర మీది అంకెల పలకను మౌసుతో నొక్కి ఇవ్వాలి. మన ఈఏపీసెట్ కూడా కంప్యూటరు మీదనే. అందులో ఇంజనీరింగ్ వారికి 160 ప్రశ్నలు, 3 గంటల కాలం. మౌసు అలవాటులేని బిడ్డ ఒక్కొక్క ప్రశ్నకు 5 సెకన్లు తడబడితే మొత్తం 800 సెకన్లు, అంటే 13 నిమిషాలు పోతాయి. అది దాదాపు 12 ప్రశ్నల కాలం! ఏడాదంతా రాత్రింబవళ్ళు చదివిన చదువు చేతి తడబాటు వల్ల వృథా కావడం న్యాయమా? ఇంట్లో ఫోను మీదా ట్రాక్‌ప్యాడ్ మీదా మాత్రమే అభ్యాసం చేసిన పిల్లలకే ఈ కష్టం.

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. వేలకు వేలు పెట్టి లాప్‌టాప్ కొన్నప్పుడు, కొన్ని వందల్లో వచ్చే మామూలు తీగ మౌసు ఒకటి కూడా కొనండి. పరీక్షకు రెండు నెలల ముందునుంచీ నమూనా పరీక్షలు దానితోనే రాయించండి. లాప్‌టాప్ కొనే తాహతు లేనివారు దిగులుపడవద్దు. కంప్యూటరు ఉన్న బంధువుల ఇంటనో, నేర్పే కేంద్రంలోనో వారానికి రెండు గంటలు చేతికి మౌసు తగిలితే చాలు, అలవాటు దానంతటదే వస్తుంది. ఇంట్లో లాప్‌టాప్ ఉన్నవారు పక్కింటి బిడ్డకు ఆ రెండు గంటలు ఇస్తే అంతకన్నా కావలసింది ఏముంది?