వజ్రము: వెల, విలువ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున వజ్రముల ముచ్చట ఎందులకని కొందరికి తోచవచ్చును. కారణము కలదు. 1930లో మన జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగిన నాటినుండియు ఈ సీమలో గ్రంథాలయమునకు ఒక పని ఏర్పడియున్నది. ఎరుగనివాని సొమ్ము ఎరిగినవాడు అపహరింపకుండునట్లు ఎరుక పంచుటయే ఆ పని. నాడు అప్పుపత్రము చదువలేక రైతు చెడినాడు. నేడు పటాన్‌చెరువు, రామచంద్రాపురము, సంగారెడ్డి కార్ఖానాలలో ముప్పది యేండ్లు శ్రమించి విరమించిన కార్మికునకు పెద్దమొత్తము ఒక్కమారు చేతికి వచ్చుచున్నది. రోడ్డు దాపున పొలము అమ్ముకొన్న రైతునకును అట్లే. బిడ్డ పెండ్లి ముందున్నది. బంగారము కొలువ నేర్చిన ఇల్లాలు నగరమున అంగడిలో వజ్రము ముందు మాత్రము మాటలేక నిలుచుచున్నది. ఆమెకు ఆ మాట నిచ్చుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

మన సీమకు రత్నములు క్రొత్తవి కావు. సంగారెడ్డి దాపున కొండాపురమున శాతవాహనుల కాలపు నాణెములును, రంగురాళ్ళ పూసలును త్రవ్వకములలో దొరకినవి. గోలకొండ పేరు లోకమంతటను వజ్రమునకు మారుపేరైనది. కాని పేరు చూచి మోసపోరాదు. గోలకొండలో గని లేదు, అది అంగడి. గనులు కృష్ణాతీరమున కొల్లూరు, పరిటాల మొదలగు తావులందుండెను. పటాన్‌చెరువు చేరువనున్న మన కొల్లూరు వేరు, కోహినూరు పుట్టినదని చెప్పుకొను కృష్ణాతీరపు కొల్లూరు వేరు. ఊరి పేరే ఇట్లు భ్రమ పెట్టునప్పుడు, రాతికి తగిలించిన పేరు ఎంత భ్రమ పెట్టదు? "గోలకొండ వజ్ర"మని చెప్పి ఎవరైన ఎక్కువ వెల అడిగినచో, ఆ మాటకు పరీక్షాలయపు ఆధారము చూపుమనవలెను.

వజ్రమునకు వెల కట్టుట మన పెద్దలకు శాస్త్రముగా నుండెను. ఆరవ శతాబ్దమునందలి వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రపరీక్షకు ఒక అధ్యాయమునే కేటాయించినాడు. ఎనిమిది తెల్లఆవగింజల ఎత్తు ఒక తండులము. ఇరువది తండులముల వజ్రమునకు వెల రెండు లక్షలని ఆయన లెక్క. అందులో సగము బరువుగల పది తండులముల రాతికి వెల సగము కాదు, అయిదవ వంతు మాత్రమే, అనగా నలువదివేలు. రెండు తండులముల రాతికి వేయవ వంతు, అనగా రెండువందలు. బరువు తగ్గుటకంటె వెల వేగముగా తగ్గునని దీని తాత్పర్యము. పదునేడవ శతాబ్దమున మన దేశమునకు పలుమారులు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కూడ బరువును బరువుచేతనే హెచ్చించి, దానిని ఒక క్యారట్ వెలతో గుణింపుమని సూత్రము చెప్పినాడు. రెండు క్యారట్ల రాతికి నాలుగింతలు, మూడింటికి తొమ్మిదింతలు. నేటి అంగడి ఆ సూత్రమును తు.చ. తప్పక అనుసరింపదు గాని, దాని మూలధర్మము నేటికిని నిలిచియున్నది.

పెద్దలు చెప్పినదంతయు శిరోధార్యము కాదు. వజ్రము నీట తేలునని వరాహమిహిరుడు వ్రాసినాడు. వజ్రము నీటికంటె మూడున్నర రెట్లు బరువు, కావున మునుగును. సమ్మెటతో కొట్టినను పగులదనుటయు పొరపాటే. వజ్రమును గీయగల రాయి లేకపోవుట నిజము. కాని పొర వెంబడి దెబ్బ తగిలిన అది చీలును. సమ్మెట పరీక్షకు లోనైన మంచి రాయి పరీక్షలో నెగ్గి, ప్రాణము కోల్పోవును.

రావులకొండ గనివద్ద టావెర్నియే చూచినది ముచ్చటైనది. పది మొదలు పదునారేండ్ల వర్తకుల పిల్లలు ఉదయమున చెట్టుక్రింద కూర్చుండెడివారు. ఒకప్రక్క తూనికరాళ్ళ సంచి, మరియొకప్రక్క వరహాల సంచి. ఎవడైన రాయి తెచ్చిన పెద్దవాని చేతికిచ్చును. అది చేతినుండి చేతికి మారి మరల వానికి చేరువరకు ఒక్కరును నోరు మెదపరు. పిమ్మట పెద్దవాడు బేరమాడును. ఎక్కువ పెట్టి కొన్నచో ఆ నష్టము వానిదే. సాయంకాలము రాళ్ళన్నిటిని నీరు, బరువు, స్వచ్ఛతలనుబట్టి వేరుపరచెడివారు. కొనువాడు నేర్వవలసినదంతయు ఇందే యున్నది: మొదట చూపు, తరువాత తూనిక, అటుపిమ్మట పోలిక, కడపట మాట. నేటి అంగడిలో ఈ క్రమము తలక్రిందైనది. మాట ముందు వచ్చుచున్నది, చూపు వెనుకబడుచున్నది.

ఇక నేటి లెక్క. వజ్రమును తూచు క్యారట్ వేరు, బంగారపు క్యారట్ వేరు. బంగారమునకు అది మేలిమి, వజ్రమునకు బరువు. ఒక క్యారట్ 200 మిల్లీగ్రాములు; అయిదు క్యారట్లు ఒక గ్రాము. ఆంధ్ర జిల్లాలలో నూరు సెంట్లు ఒక ఎకరమైనట్లు, వజ్రమున నూరు సెంట్లు ఒక క్యారట్. అంగడివాడు మొత్తము వెల చెప్పినంతనే దానిని బరువుచే భాగించి క్యారట్ ఒక్కింటి వెల తెలిసికొనవలెను. లెక్క సౌకర్యమునకు ఒక ఉదాహరణ. తొంబది సెంట్ల రాతికి 3,60,000 రూపాయలు అడిగిన, క్యారట్ వెల 4,00,000. అట్టి గుణమే గల పూర్తి క్యారట్ రాతికి 4,80,000 అడుగవచ్చును. ఒక క్యారట్ అను గీత దాటుటయే ఈ హెచ్చునకు కారణము. రెండింటి వెడల్పునందలి భేదము మిల్లీమీటరులో పావువంతు. కంటికి ఆనని భేదమునకు ఇంత సొమ్ము పోయవలెనా యని కొనువాడే నిర్ణయించుకొనవలెను.

బరువు తరువాత చూడవలసినవి మూడు: రంగు, స్వచ్ఛత, సానపట్టిన తీరు. 1931లో అమెరికాలో స్థాపింపబడిన జి.ఐ.ఏ. అను సంస్థ ఏర్పరచిన తరగతులే నేడు లోకమంతట చెల్లుచున్నవి. రంగు "డి" అక్షరముతో మొదలై "జెడ్" వరకు పోవును. "డి" వర్ణరహితము; అక్షరము దిగినకొలది పసుపుచాయ హెచ్చును. గోలకొండ వర్తకులు రాత్రివేళ గోడగూటిలో దీపముంచి, వేళ్ళనడుమ రాయి పట్టి దాని నీరు చూచెడివారనియు, నీలిచాయను గుర్తించుటకు ఆకులు దట్టమైన చెట్టునీడను వాడెడివారనియు టావెర్నియే వ్రాసినాడు. అంగడి దీపములక్రింద ప్రతి రాయియు తళుక్కుమనును. కావున పగటివేళ, తెల్లకాగితముమీద, రాతిని బోర్లించి ప్రక్కనుండి చూడవలెను.

బిందువు, రేఖ, కాకపదము అని మన రత్నశాస్త్రములు చెప్పిన దోషములే నేటి స్వచ్ఛతా పరీక్షకు మూలము. దోషయుక్తమైన రాతికి వెలలో ఎనిమిదవ వంతు తగ్గింపవలెనని వరాహమిహిరుని మతము. నేడు పదింతలుగ చూపు భూతద్దముతో పరీక్షించి తరగతి నిర్ణయింతురు. ఉత్తమ తరగతులనడుమ భేదము కంటికి కనబడదు; వెలలో మాత్రము కనబడును.

సాన విషయమున కొనువారు మిక్కిలి ఏమరుపాటుగ నుందురు. గుండ్రని రాతికి వెడల్పును వెడల్పుచే హెచ్చించి, దానిని లోతుచే గుణించి, వచ్చినదానిని 0.0061చే గుణించిన బరువు ఇంచుమించుగ తేలును. కొలతలు మిల్లీమీటరులలో నుండవలెను. వెడల్పు 6.4, లోతు 4.0 అయిన బరువు ఒక క్యారట్. వెడల్పు 6.0, లోతు 4.55 అయినను బరువు ఒక క్యారటే. కాని రెండవది పైకి చిన్నదిగ కనబడును. బరువంతయు కడుపులో దాగియున్నది. వెలుగును అడుగునుండి జారవిడుచును. దానికి మొదటిదాని వెల ఇచ్చినవాడు కనబడని బరువునకు సొమ్ము పోసినవాడగును.

మన పెద్దలకు లేని చిక్కు ఒకటి నేడు వచ్చినది. 1954లో అమెరికాలో యంత్రమున వజ్రము పుట్టింపబడినది. నేడు ప్రయోగశాలలో పెంచిన నగవజ్రములు అంగళ్ళనిండ నున్నవి. అవి గాజు కావు; నిజమైన వజ్రములే. కంటికిగాని, వేడి చూచు చేతిపరికరమునకుగాని భేదము తెలియదు. ప్రత్యేక యంత్రములు గల పరీక్షాలయమే చెప్పగలదు. కాని వాని వెల భూగర్భ వజ్రపు వెలలో స్వల్పభాగము. ఇటీవలి యేండ్లలో అది ఇంకను పడిపోయినది. ఎరిగి కొన్నవానికి అందు దోషము లేదు. ఎరుగక భూగర్భ వజ్రపు వెల ఇచ్చిన, ఇల్లు గుల్లయగును. "సహజ వజ్రము" అను మాట రసీదుపై వ్రాయింపవలెను. మోయిసనైట్ అను మరియొక రాయి వేడి పరికరమును సయితము ఏమార్చును.

పరీక్షాపత్రమును పొలము పహాణీతో పోల్చవచ్చును. పొలము కొనువాడు కాగితము చూచి తృప్తిపడడు. గట్టుమీదికి పోయి హద్దులు సరిచూచుకొనును. అట్లే పత్రమునందలి సంఖ్య రాతి నడికట్టుపై చెక్కబడియున్నచో భూతద్దముతో చూడవలెను. ఆ సంఖ్యను పరీక్షాలయపు వెబ్‌సైటునందు సరిపోల్చవలెను. రాతిని తన యెదుటనే తూపించి, బరువు, వెడల్పు, లోతు పత్రముతో కలియునో లేదో చూచుకొనవలెను. అంగడివాడు స్వయముగ అచ్చువేయించుకొన్న పత్రము తనకు తాను చెప్పుకొన్న సాక్ష్యమువంటిది.

అడిగినది వెల కాదు. 1701 ప్రాంతమున జాంచందు అను వర్తకుడు మన కృష్ణాతీరపు గనినుండి వచ్చిన 410 క్యారట్ల ముడిరాతిని మద్రాసు గవర్నరు థామస్ పిట్టునకు చూపి రెండులక్షల వరహాలు అడిగినాడు. పిట్టు ముప్పదివేల కడ మొదలిడినాడు. అనేక పర్యాయములు వచ్చుచు పోవుచు తుదకు నలువదియెనిమిదివేలకు బేరము కుదిరినది. అడిగినదానిలో నాలుగవవంతునకు లోపలనే! సానపట్టగా మిగిలినది సుమారు 140 క్యారట్లు. దానిని 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి 1,35,000 పౌనులకు కొన్నాడు. నేటి వర్తకులు 1978 నుండి వెలువడు రాపపోర్టు పట్టికను ఆధారము చేసికొందురు. అదియు అడుగుడువెలల పట్టికయే. వర్తకులు తమలో తాము సామాన్యముగ దానికి తగ్గించియే కొందురు. కావున మూడు అంగళ్ళలో ఒకే తరగతి, ఒకే బరువు గల రాళ్ళ వెలలు వ్రాసికొని పోల్చిన తరువాతనే బేరమునకు దిగవలెను.

సొమ్ము ముందిచ్చి రాయి తరువాత చూచుటవలన ప్రభువులకే చిక్కు వచ్చినది. 1891లో సిమ్లా నగల వర్తకుడు జేకబు సుమారు 185 క్యారట్ల వజ్రమును ఆరవ నిజాము మహబూబు అలీఖానునకు 46 లక్షలకు బేరము పెట్టినాడు. నిజాము 23 లక్షలు ముందుగ జమకట్టించెను. రాయి చూచి వలదనెను. సొమ్ము తిరిగిరాలేదు, వ్యవహారము కలకత్తా హైకోర్టు కెక్కినది. జేకబు నిర్దోషియని తీర్పు వచ్చినది గాని, అతని వ్యాపారము చితికిపోయినది. వజ్రము తుదకు నిజామునకే మిగిలినది. దానిని ఏడవ నిజాము కాగితములమీద బరువుగ నుంచెనని ప్రసిద్ధి. 1995లో నిజాము నగలు 173 వస్తువులను భారత ప్రభుత్వము 218 కోట్లకు కొన్నప్పుడు అదియు అందు చేరినది. హైదరాబాదు పేరు మోసిన ఆ రాయి దక్షిణాఫ్రికాది; గోలకొండది కాదు! నష్టమును నిజాము భరింపగలిగెను. కార్ఖానా కార్మికుడు భరింపలేడు. రాయి పరీక్షాలయమున తేలనిదే బయానా ఇయ్యరాదు. ఇచ్చినచో ఏ షరతుపై తిరిగివచ్చునో వ్రాయించుకొనవలెను.

రసీదునందు బరువు, రంగు, స్వచ్ఛత, సాన, పత్రసంఖ్య, రాతి వెల, పన్ను వేరువేరుగ నుండవలెను. విడి వజ్రమునకు 2022 జులైనుండి జి.ఎస్.టి. నూటికి ఒకటిన్నర, నగకు మూడు. రసీదు లేక తగ్గించి ఇత్తుననువాడు రేపు "ఈ రాయి నాది కాదు" అనగల వెసులుబాటును తానే కొనుచున్నాడు.

ముఖ్యమైన మాట ఒకటి మిగిలినది. బంగారమునకు ఆనాటి వెల ఊరంతటికి ఒక్కటే. హాల్‌మార్కు ఉన్నచో ఏ అంగడిలోనైన చెల్లును. వజ్రమునకు అట్టి వెల లేదు. "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" యను సామెత వజ్రమునకు వ్రాసిపెట్టినట్లున్నది. కొనకముందే "దీనిని మరల మీరే ఎంతకు కొందు"రని అడిగి, ఆ మొత్తమును వ్రాయించుకొనవలెను. అమ్మువాడు తానే వ్రాసిచ్చిన ఆ అంకెయే రాతి విలువను చాలమట్టుకు చాటును. బిడ్డ ముక్కుపుడకకు, చెవి దుద్దులకు రవ్వలు కొనుట ముచ్చట, శక్తికొలది కొనవచ్చును. ముప్పది యేండ్ల కష్టార్జితమును ఒక్క రాతిలో దాచుట మాత్రము సంసారికి తగదు.

రావులకొండ చెట్టుక్రింది పిల్లలకు తూనికయు, చూపును, మౌనమును ఉండెను. మన గ్రామస్థునకు వానితోడుగ గ్రంథాలయముకూడ కలదు. పెండ్లి నగలకై నగరమునకు పోవువారు ముందొక సాయంకాలము ఇచ్చట గడిపి, లెక్క కాగితముమీద వ్రాసికొని, ఇంటి ఇల్లాలితో కూడ సరిచూపించుకొని పోవుదురుగాక. ఆ కాగితమునకు అర్ధరూపాయి ఖర్చు. అది కాపాడు సొమ్ము లక్షలలో నుండవచ్చును.